గురక కాపలా

మా నాన్న గురకకు మా ఊళ్లో గిరాకీ ఉండేది. వేళాకోళానికి అంటున్న మాట కాదిది. గురజాల వెళ్లే దారిలో మాది మిరప పండే ఊరు. మాఘమాసం వచ్చేసరికి కాయలు కోసి ఊరి బయట కళ్లాల్లో ఆరబోస్తారు. కోసిన కొత్తలో కాయ బరువుగా ఉంటుంది, మోయాలంటే దొంగకైనా నడుం పడిపోతుంది. ఎండినకొద్దీ కాయ తేలికవుతుంది, దొంగకు ఉత్సాహం పెరుగుతుంది. అందుకని ప్రతి కళ్లం పక్కనా ఒక నులకమంచం, దాని మీద ఒక మనిషి. తక్కిన కళ్లాల్లో మనుషులు మేలుకుని కాపలా కాసేవాళ్లు. మా కళ్లంలో మా నాన్న నిద్రపోయి కాసేవాడు.

ఆయన గురక ఆయిల్ ఇంజను స్టార్టయినట్టు మొదలయ్యేది. ముందు కాసేపు గుడగుడలాడి, అందుకుని, ఊపు మీదికి వచ్చేది. కాలవ అవతలి కళ్లాలకు కూడా వినపడేది. మంచి ఊపులో ఉండగా ఠక్కున ఆగిపోయేది. ఇక ఏమీ ఉండదు. వినేవాడికి ఊపిరి బిగుసుకునేంతసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత, పూడుకుపోయిన బోరింగు ఒక్కసారిగా నీళ్లు కక్కినట్టు పెద్ద చప్పుడుతో మళ్లీ అందుకునేది.

మా ఊరివాళ్లకు గురక కన్నా ఆ ఆగడం మీద గురి ఎక్కువ. దాని మీద వాళ్లకో సిద్ధాంతం ఉండేది. మా నాన్న నిద్రలో కూడా అలికిడి పట్టేస్తాడని, ఎక్కడన్నా ఆకు కదిలితే గురక ఆపి చెవి పెడతాడని, అంతా సద్దుమణిగాక మళ్లీ మొదలెడతాడని. ఈ సిద్ధాంతాన్ని రుజువు చేసింది ఒక దొంగ. పక్క ఊళ్లో పట్టుబడి నాలుగు తగిలాక, ఫలానా కళ్లం జోలికి ఎందుకు పోలేదురా అని అడిగితే, "ఆయన గురక పెడతానే వింటాడండీ. అడుగేస్తే ఆపుతాడు" అన్నాడట. ఆ మాట మా ఊరు చేరిన రోజున మా నాన్న మీసం దువ్వుకుంటూ తిరిగాడు. దొంగ ఇచ్చిన సర్టిఫికెట్టుకు అంత పొంగిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పక్క కళ్లం మామ అప్పటినుంచి మా నాన్న మంచాన్ని రెండు కళ్లాల మధ్య గట్టు మీద వేయించడం మొదలుపెట్టాడు. మామ అంటే రక్తసంబంధం కాదు, పొలం గట్టు సంబంధం. మా అమ్మను అక్కా అంటాడు కాబట్టి మా నాన్న ఆయనకు బావ.

"ఇటు కాళ్లు, అటు తల పెట్టుకో బావా," అనేవాడు. "తల మా పక్కకుండనీయ్."

"కాళ్లు నా కళ్లం కాయాల్నా?" అనేవాడు మా నాన్న.

"నీ కాళ్లకు కూడా జడుస్తారులే, చానా లావు."

కాళ్లు లావు అన్నమాట అబద్ధం కాదు. అవి వాచి ఉండేవి. మడమ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట పూడటానికి తొందరేమీ లేనట్టు ఉండిపోయేది. పెదాలు కూడా కాస్త నల్లబారాయి. కష్టం చేసే మనిషి కాబట్టి ఎండకు అలా ఉన్నాడని అందరం అనుకున్నాం. మా ఊళ్లో ఎండ మీద వెయ్యని నేరం లేదు.

ఒక్క మా అమ్మ మాత్రం ఊరి సిద్ధాంతంలో చేరలేదు. కళ్లాల కాలం పోయాక ఆయన పడుకునేది ఇంట్లోనే కదా. ఇంట్లో దొంగలు లేరు, అలికిడి లేదు. అయినా ఆగేది. అలా ఆగినప్పుడల్లా అమ్మ మోచేత్తో ఒక పోటు పొడిచేది. ఆయన ఉలిక్కిపడి గాలి అందుకునేవాడు. నాకు జ్ఞానం వచ్చినప్పటినుంచి అమ్మ ఒక్క రాత్రి నిద్రపోయినట్టు ఎరగను. ఆ జబ్బు సంగతి ఏ డాక్టరు కన్నా ముందు ఆవిడ మోచేతికి తెలుసు.

రాత్రంతా గుర్రుపెట్టి నిద్రపోయినాయన పగలు కూడా నిద్రపోయేవాడు. అన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయేది. గడ్డం గీయించుకుంటూ తల వాల్చేస్తే, మంగలి బుగ్గ మీద కత్తి పెట్టి దేవుణ్ణి తలచుకునేవాడు. పలకరించినవాళ్లకు జవాబు చెప్తూ చెప్తూ మధ్యలో జారుకునేవాడు. చూసినవాళ్లు "సుఖపురుషుడు" అనేవాళ్లు. నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతూ శనివారాలు ఇంటికి వచ్చేవాణ్ణి. మా కాలేజీలో చివరి బెంచీ కుర్రాళ్లందరూ కలిసినా ఆయన నిద్రకు సాటి రారు. ఆ మాట ఆయనతోనే అంటే నవ్వేవాడు. నవ్వు పూర్తికాక ముందే కళ్లు వాలేవి.

డాక్టరు దగ్గరకు పంపించింది మాత్రం ఎడ్లు. మిరప టిక్కీలు, అంటే కాయ తొక్కి నింపిన బస్తాలు, వేసుకుని బండి తోలుకొస్తూ ఆయన నొగల మీద నిద్రపోయాడు. ఎదురుగా నాపరాళ్ల లారీ వచ్చింది. ఎడ్లు బుద్ధిగా పక్కకు తప్పుకున్నాయి. పక్కన పిల్లకాలవ ఉందన్న సంగతి వాటి బాధ్యత కాదు. బండి ఒరిగిపోయింది. మామ, నేను పరుగెత్తేసరికి టిక్కీలు నీళ్లలో ఉన్నాయి, మా నాన్న బురదలో ఉన్నాడు. లేపి కూర్చోబెడితే, "వచ్చామా ఊరికి?" అన్నాడు.

మామ గుండె మీద చెయ్యేసుకుని, "బావా! చావు దప్పింది గదయ్యా!" అని ఒక్క కేక పెట్టాడు.

"అరవమాక మామా, మళ్లీ నిద్ర చెడుద్ది," అన్నాను. అంటూనే ఆయన కాళ్లూ చేతులూ విరిగాయేమోనని ఒక్కొక్కటీ తడిమి చూశాను.

నరసరావుపేటలో మొదట చూసిన డాక్టరు బలానికి టానిక్కు రాశాడు. మా నాన్న దాన్ని తాగి ఇంకాస్త బలంగా గురకపెట్టాడు. చివరికి గుంటూరులో చెవి ముక్కు గొంతు చూసే డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయన నోరు తెరిపించి, అద్దం పెట్టి, లైటు వేసి చూశాడు. మెడ తడిమాడు. మెడ అనేది మా నాన్నకు పేరుకే ఉంది, తల నేరుగా భుజాల మీద దించినట్టు ఉంటుంది. తర్వాత ఆయన రోగిని వదిలేసి, "పక్కన పడుకునేది ఎవరు?" అని అడిగాడు.

పరాయి మగవాళ్ల ముందు గొంతు పెంచని మా అమ్మ, అంత మందిలో, గురక పెట్టి చూపించింది. ఊపు, ఆగడం, కక్కడం అన్నీ వరసగా. తెర అవతల వరసలో కూర్చున్న రోగులు తొంగిచూశారు. డాక్టరు మాత్రం నవ్వలేదు. ఆ ఆగడం దగ్గర ఆయన ముందుకు వంగాడు.

"అంతసేపు ఆగుతుందా అమ్మా?"

"ఇంకా ఎక్కువేనయ్యా. నాకు ఊపిరాడక నేను ముందు తీసుకున్నా."

"నేనొకసారి వినాలి. టేపులో పట్టుకురాగలరా?"

మా ఊళ్లో టేప్ రికార్డరు ఉన్నది మామకే. మిరపకు మంచి ధర పలికిన ఏడు కొన్నాడు. దానికి ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు. ఖాళీ క్యాసెట్టు దొరక్క, మా అత్త భక్తిపాటల క్యాసెట్టు మీదే పట్టాం. రాత్రిదాకా ఆగాల్సిన పని కూడా లేకపోయింది. మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద ఒరిగిన మనిషి, మామ ఎర్ర మీట నొక్కేలోపే మొదలుపెట్టాడు. రెండో పక్క తిప్పినా ఆయన వరస మారలేదు. మధ్యలో కోడి అరిచింది. రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి పోతున్న ఆడవాళ్లు ఆగి, "పాట పడతన్నారా?" అని అడిగి నవ్వుతూ పోయారు.

డాక్టరు ఆ క్యాసెట్టు తన గదిలో పెట్టుకుని విన్నాడు. గురక ఆగిన చోట చేతి గడియారం చూశాడు. మళ్లీ ఆగితే మళ్లీ చూశాడు. మూడోసారి చూడకుండా మీట నొక్కి ఆపేశాడు.

"ఇది గురక జబ్బు కాదమ్మా. నిద్రపోతే ఈయన గొంతు మూసుకుపోతోంది. లోపల కండలన్నీ వదులై, నాలుక వెనక్కి పడి, గాలిదారి అతుక్కుపోతోంది. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి పోదు. చివరికి మెదడు బెదిరిపోయి లేపుతుంది. కాస్త గాలి తీసుకుంటాడు, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. రాత్రంతా ఇదే. మీరు నిద్రపోతున్నాడు అనుకుంటున్నారు. రాత్రంతా కొద్దికొద్దిగా ఉరి పడుతున్నాడు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుండె కుడి పక్క ఇప్పటికే అలిసిపోయిందని, కాళ్ల వాపు దానిదేనని చెప్పాడు. ఏమన్నా చెయ్యకపోతే ఒక రోజు ఆగింది ఆగినట్టే ఉండిపోతుందన్నాడు.

"ఏం చెయ్యొచ్చయ్యా మరి?" అంది అమ్మ.

డాక్టరు ఒక కాగితం మీద తలకాయను పక్కనుంచి గీశాడు. ముక్కు లోపల మధ్య గోడ కాస్త వంకరగా ఉందట. అది సరిచేస్తే గాలి కాస్త బాగా ఆడుతుంది, కానీ అసలు మూత అక్కడ లేదు, కింద ఉంది. ఆ కింద, కొండనాలుకను, దాని చుట్టూ వేలాడే మెత్తటి అంగిలిని, టాన్సిల్స్‌ని కోసి దారి వెడల్పు చేసే ఆపరేషను ఒకటి కొత్తగా వచ్చింది. మద్రాసులో ఒకాయన చేస్తున్నాడు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు, ఎవరికి చేస్తుందో ముందే చెప్పడం ఆయన తరం కూడా కాదు. మానేదాకా తాగిన నీళ్లు ముక్కులోంచి రావచ్చు. దవడ ఎముక కోసి ముందుకు జరిపే ఆపరేషను కూడా ఉందని చదివాడట, ఈ చుట్టుపక్కల చేసినవాళ్లను ఎరగడట. బయటి దేశాల్లో రాత్రంతా ముక్కులోకి గాలి కొట్టే మిషను ఏదో కనిపెట్టారని కూడా విన్నాడట. మా ఊళ్లో రాత్రంతా కరెంటు ఉండే పద్ధతి ఎవరన్నా కనిపెడితే అప్పుడు దాని సంగతి చూడొచ్చు అనుకున్నాను.

"ఖాయంగా తగ్గేది ఒక్కటే ఉంది," అన్నాడు డాక్టరు. పెన్సిలు మొనను బొమ్మ మెడ మీద, గొంతు ముడికి కింద ఆనించాడు. "ఇక్కడ కన్నం పెట్టి గాలిగొట్టంలోకి చిన్న వెండిగొట్టం దింపుతాం. పైన ఎంత మూసుకుపోయినా గాలి ఇటునుంచి పోతుంది. పగలు దానికి బిరడా పెట్టుకుంటే మామూలుగా మాట్లాడొచ్చు. పడుకునేటప్పుడు బిరడా తీసెయ్యాలి. అంతే."

"జీవితాంతమా?"

"జీవితాంతం అంటే మరి... అది పెట్టేది జీవితం కోసమే కదమ్మా."

"మద్రాసుది చేయిస్తే?"

"చేయించొచ్చు. ఒక్క మాట ముందే చెప్తున్నా. దాంతో గురక పోయి, ఊపిరాగడం మాత్రం మిగిలిపోయినవాళ్లు ఉన్నారు."

ఇంకొక సంగతి చివర చెప్పాడు. గొట్టం పెట్టాక దుమ్ము, పొగ, ఘాటు తగలకూడదు. ముక్కు దుమ్మును వడగడుతుంది. గొంతు కన్నానికి వడపోత లేదు. ఏం పంట వేస్తారు మీరు, అని అడిగాడు.

"మిరపయ్యా," అంది అమ్మ. ఇంత సేపూ, తన గొంతు కోసే విధానాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తున్నంతసేపూ, మా నాన్న స్టూలు మీద గోడకానుకుని నిద్రపోతున్నాడు.

బస్సులో అమ్మ ఆయనకు అన్నీ మళ్లీ చెప్పింది. పిడుగురాళ్ల దాటేలోపు మూడుసార్లు మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. మూడోసారి మెలకువగా విని, "మద్రాసు," అన్నాడు.

"అది ఖాయం కాదంట."

"కన్నం పెడితే మిరప దగ్గరికి పోకూడదంట గదా. మద్రాసుది అయితే పోవచ్చు. ఇంకేంది మాటలు?"

"గురక పోయి ఆగడం మిగిలితే? నాకు తెలిసేదెట్టా? ఇప్పుడంటే గురక ఆగితే లెగుస్తన్నా. అసలు గురకే లేకపోతే ఏది ఆగిందో నాకెట్టా తెలుసుద్ది?"

ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ, "నువ్వు కూడా పడుకోవచ్చు," అన్నాడు.



కన్నం సంగతి ఊళ్లో పొక్కింది. గొంతు కోసుకున్నవాడు శుభకార్యాలకు పనికిరాడని ఒకరు, తిన్న అన్నం అందులోంచి బయటకొస్తుందని ఒకరు చెప్పి వెళ్లారు. గొంతు మీద కన్నం ఉంటే ఆత్మ తేలిగ్గా పోతుందని ఒక ముసలాయన భయపెట్టాడు. తేలిగ్గా పోవడంలో నష్టమేంటో నాకు బోధపడలేదు. మామ దిగులు వేరే.

"అయితే గురక మొత్తం పోద్దా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"మొత్తం పోద్ది మామా."

"కాస్త కూడా ఉండదా?"

"నీకు కావాలంటే చెప్పు, డాక్టర్ని కాస్త ఉంచమందాం."

ఎవరెన్ని చెప్పినా మా నాన్నకు మద్రాసు తప్ప ఇంకో మాట లేదు. అమ్మకు గుంటూరు తప్ప ఇంకో మాట లేదు. మద్రాసుకు వెళ్లే దారి ఆయనకు తెలియదు, నేను తీసుకెళ్తానని అనలేదు. గుంటూరుకు ఆయన కదలడు. అలా వారాలు పోయాయి. వాపు మడమ నుంచి పిక్కల మీదకు పాకింది. పక్కింటి దాకా నడిచినా ఆయాసపడేవాడు. ఒకసారి నిలబడి పంచె కట్టుకుంటూ నిద్రపోయి గడపకు తగిలి నుదురు పగలగొట్టుకున్నాడు. ఆయన మీద నేను జోకులు తగ్గించాను. వినడానికి మనిషి మేలుకుని ఉంటే కదా.

ఆ వారాల్లో ఒక మధ్యాహ్నం మామ టేప్ రికార్డరు తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. క్యాసెట్టు చివర భక్తిపాటలు ఏవన్నా మిగిలాయేమో చూసి రమ్మని అత్త పంపిందట. మా నాన్న స్తంభానికి ఆనుకుని జోగుతున్నాడు. మామ మీట నొక్కాడు. గురక మొదలైంది. ఏరుడుకు పోయే ఆడవాళ్లు ఇద్దరు ఆగారు. అమ్మ లోపల బియ్యం చెరుగుతోంది.

ఆ చప్పుడుకు మా నాన్న కళ్లు తెరిచాడు. ఊరంతా విన్న గురకను విననివాడు ఊళ్లో ఆయనొక్కడే.

"ఏందిరా ఇది?"

టేపులో గురక ఊపు మీదికి వచ్చింది. ఆగింది.

చాటలో బియ్యం చప్పుడు కూడా ఆగింది. టేపు ఖాళీగా తిరుగుతోంది, చక్రం కిరకిరమనడం వినపడుతోంది. దూరంగా ఆ రోజు అరిచిన కోడి మళ్లీ అరిచింది. మా నాన్న ముందుకు వంగాడు. ఆయన ఛాతీ బిగుసుకోవడం నేను చూశాను.

"ఏందిరా, ఊపిరి తియ్యడేంది?" అన్నాడు. "ఒరేయ్... తియ్యడేంది?"

పెద్ద చప్పుడుతో టేపు గాలి అందుకుంది. మా నాన్న కూడా అందుకున్నాడు. చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఎవుర్రా ఆయన? పాపం, సచ్చిపోయేట్టున్నాడు గదా. డాక్టరుకి చూపియ్యలేదా ఆళ్లోళ్లు?"

లోపలినుంచి అమ్మ గొంతు వచ్చింది. "చూపిచ్చారు. కన్నం పెట్టిచ్చుకోనంటన్నాడు."

మళ్లీ ఆగింది టేపు. ఈసారి ఆయన దాని వంక చూడలేదు. తన కాళ్ల వంక చూసుకున్నాడు. మామ చెయ్యి మీట దాకా వెళ్లి, నొక్కడానికి ధైర్యం చాలక, అక్కడే ఉండిపోయింది. ఊపిరి ఆగిన మనిషిని మధ్యలో ఆపేస్తే ఏమవుతుందోనని భయపడ్డాడట. తర్వాత చెప్పాడు. నేను నవ్వలేదు, నాకూ అదే భయం వేసింది.

సాయంత్రం ఆయన అమ్మను పిలిచి, "ఏమే, పొద్దున్నే గుంటూరు బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

ఆపరేషను ఆయన మెలకువగా ఉండగానే చేశారు. పూర్తి మత్తు ఇస్తే గొంతు అప్పుడే మూసుకుపోతుందని భయమట. బయటకు తెచ్చినప్పుడు మెడ చుట్టూ తెల్లటి నాడా, మధ్యలో చొక్కా గుండీ అంత వెండి మెరుపు. అమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని ఎదురుచూసింది. ఆయన నిద్రపోయాడు. గురక రాలేదు. ఏమీ రాలేదు. అమ్మ కంగారుపడి మోచేత్తో పొడవబోయింది, నర్సు ఆపింది. అరచెయ్యి గొట్టం ముందు పెట్టి చూడమంది. అమ్మ పెట్టింది. వెచ్చగా వచ్చి పోతోంది. ఎక్కడా ఆగడం లేదు. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచి, అలాగే మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోయింది. అమ్మ సన్నగా గురక పెడుతుందని ఆ రోజే తెలిసింది నాకు.

వాపు దిగింది. పెదాలకు రంగు వచ్చింది. పగటి నిద్ర, అంత నిద్ర, ఎవరో గంప ఎత్తి పక్కన పెట్టినట్టు పోయింది. లోపలి గొట్టం తీసి మరగకాచిన నీళ్లలో కడిగి మళ్లీ పెట్టడం నేను నేర్చుకున్నాను. మొదట్లో ఆయన బిరడా పెట్టుకోవడం మరచి నన్ను తిట్టబోయేవాడు. పెదాలు ఆడేవి, మాట రాదు, గొంతు కింద బుస్సుమని గాలి వచ్చేది. ఇరవై ఏళ్లలో ఆయన తిట్లు నాకు తగలకుండా పోయింది ఆ రోజుల్లోనే. కాలవలో ఈత పోయింది. చుట్ట పోయింది. వాటికి ఆయన పెద్దగా దిగులుపడలేదు.

మాఘం వచ్చింది. కళ్లాలు ఎర్రబడ్డాయి. ఆ కాలంలో మా ఊళ్లో మిరప లేని గాలి దొరకదు, ఇంట్లో తలుపులు వేసుకున్నా కొత్తగా వచ్చిన చుట్టం తుమ్ముతాడు. మొదటి రోజే ఆయనకు దగ్గు పట్టి, గొట్టంలోంచి నెత్తురు జీర కనపడితే, అమ్మ ఆయన గుడ్డలు సంచిలో సర్దింది. నేను నరసరావుపేట తీసుకొచ్చాను. నా గదిలో ఇంకో మంచం వేశాం.

ఆ గదిలో ఆయన పొద్దున్నే లేచి, మంచం సర్ది, గడ్డం గీసుకుని, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. అంతటితో పనులైపోయేవి. ఏళ్ల తరబడి మధ్యాహ్నాలు చూడని మనిషి. ఇప్పుడు ప్రతి మధ్యాహ్నాన్నీ మొదటినుంచి చివరిదాకా చూస్తున్నాడు. టిక్కీల లారీలు గుంటూరు మిర్చి యార్డుకు పోతుంటే తడిగుడ్డ మెడకు అడ్డం పెట్టుకుని కిటికీ మూసేవాడు. మూసి, అద్దంలోంచి చూసేవాడు. కాలేజీ నుంచి నేను వచ్చేసరికి అదే కుర్చీలో ఉండేవాడు. మేలుకుని ఉండటం చేతనైంది, మేలుకుని చెయ్యాల్సిన పనే దొరకలేదు.

"పడుకోలేకపోయావా నాన్నా కాసేపు?"

"నిద్ర రాట్లేదురా," అనేవాడు. ఫిర్యాదు చేస్తున్నాడో గొప్ప చెప్పుకుంటున్నాడో తెలిసేది కాదు.

ఒక ఆదివారం నేనొక్కణ్ణే ఊరు వెళ్లాను. ఊళ్లో కాపలా సమస్య తీరిపోయి ఉంది. మామ గట్టు మీద మా నాన్న మంచం వేసి, దాని మీద దిండు పెట్టి, దిండు మీద టేప్ రికార్డరు పెట్టి, రోజూ రాత్రి ఆ క్యాసెట్టు వేస్తున్నాడు. దొంగలు రావడం లేదని ఊరంతా మెచ్చుకుంటోంది. క్యాసెట్టు ఒక పక్క అయిపోయేముందు భక్తిపాట ముక్క ఒకటి వస్తుందట, అది కూడా మంచిదేనట.

"పక్క అయిపోయాక?" అని అడిగాను.

"లేచి తిప్పుతన్నా. అరగంటకోసారి."

"అంటే రాత్రంతా నువ్వు మేలుకునే ఉంటన్నావు."

"ఉండబట్టేగా అల్లుడూ పాడేది."

రాత్రంతా మేలుకుని ఉన్న మనిషి కాపలాకు టేపు ఎందుకో మామకు తట్టలేదు. కళ్లు ఎర్రగా, చింతనిప్పుల్లా ఉన్నాయి. నేను చెప్పబోయి మానుకున్నాను. ఆయన మొహంలో అంత తృప్తి ఉంది.

అమ్మ కళ్లు కూడా అలాగే ఉన్నాయి. కుంపటి దగ్గర కూర్చుని, "ఆ టేపు వెయ్యొద్దని చెప్పరా ఆడికి," అంది. "మీ నాయన నీ దగ్గర సుఖంగా పడుకుంటన్నాడని తెలుసు. తెలిసినా, అక్కడ ఆగినప్పుడల్లా ఇక్కడ లెగుస్తన్నా. చెయ్యి పక్కకి పోద్ది. పక్కన ఎవరూ ఉండరు."

నేను చెప్పేదాకా కూడా ఆగలేదు. మధ్యాహ్నం కళ్లానికి వెళ్లి, పగలు నిద్రపోతున్న మామ తల దగ్గరనుంచి క్యాసెట్టు తీసింది. వేలు పెట్టి రిబ్బను పట్టుకుని లాగింది. అది వస్తూనే ఉంది. రెండు చేతులకూ చుట్టుకుని మా జొన్నచేను దగ్గరకు పట్టుకుపోయి, పిట్టల కోసం పాతిన కర్రలకు ఈ చివరనుంచి ఆ చివరకు కట్టడం మొదలుపెట్టింది. నేను రెండో కొస పట్టుకున్నాను. గాలి వచ్చినప్పుడు రిబ్బను గుర్రుమంది. పిట్టలు లేచిపోయాయి. గాలి ఆగితే ఆగింది. అమ్మ ముడి వేస్తూనే ఉంది, తలెత్తలేదు.

మామ లేచి లబోదిబోమన్నాడు. అత్త అంతకన్నా గట్టిగా, భక్తిపాటల కోసం అరిచింది.

సాయంత్రానికి నేను నరసరావుపేట చేరాను. నాన్న కిటికీ దగ్గరే ఉన్నాడు. కాయ ఎట్టా ఎండింది, తాలు ఎంత పోయింది, అమ్మ తింటోందా అని అడిగాడు. టేపు సంగతి దాచడం దేనికని మొత్తం చెప్పాను. మంచం, దిండు, అరగంటకోసారి తిప్పడం, జొన్నచేను. మామ మంచం మీద టేపుకు దిండు వేశాడన్న దగ్గర ఆయన మీసం కదిలింది. తర్వాత లారీలు పోయిన రోడ్డు వంక చూశాడు.

"ఒరేయ్," అన్నాడు. "నేను ఇనడానికి ఆపేవోణ్ణి కాదని, దొంగలకి తెలిసిందంటావా?"

"తెలవదు నాన్నా. డాక్టరు దగ్గరికి వాళ్లెవురూ రాలా."

ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గుగా మారింది. దగ్గు తగ్గాక బిరడా తీసి కిటికీ గూట్లో పెట్టి, పగలు పోకముందే మంచం మీద పడుకున్నాడు. నేను గొట్టం కడగడానికి స్టవ్వు మీద నీళ్లు పెట్టాను.